జీర్ణోద్ధరణ

శిథిలమైన దేవాలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. ఆ మాటను ఒక మోటారు కారుకు అన్వయించవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ప్రాచీన కావ్యాలు తప్ప మరొకటి ఎరుగని నాకు ఆ సంబంధాన్ని చూపినవాడు నా బాల్యమిత్రుడు.

అతనికి విజయవాడ ఆటోనగర్‌లో లేతు పనుల షెడ్డు ఉంది. 2017లో కృష్ణా తీరాన ఒక పల్లెలో, పశువుల కొట్టంలో గడ్డిమోపుల నడుమ పడి ఉన్న పాత బ్యూక్ కారును కొని తెచ్చాడు. అది 1934 నాటిది. ఒకప్పుడు ఆ ఊరి జమీందారుగారి వాహనం. బ్యూక్ కార్లను తయారుచేసే జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుండి బొంబాయిలో కర్మాగారం నడిపేది. సైకిలు కొనడమే గొప్పగా ఉన్న ఆ రోజుల్లో అటువంటి కారు ఊరిలోకి వస్తే జనం పనులు మాని చూసేవారట. నేను చూసేనాటికి ఆ వైభవం ఏమీ లేదు. రేకుల కింద ఉండే కొయ్య చట్రాన్ని చెదలు తినివేశాయి. సీట్ల తోలులో ఎలుకలు కాపురం పెట్టాయి. వరుసగా అమరిన ఎనిమిది సిలిండర్లలో పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి.

నా మిత్రుడు మొదటిరోజు సుత్తి పట్టలేదు, కెమెరా పట్టాడు. విప్పిన ప్రతి భాగానికీ ఫోటో తీసి, అంకె వేసిన చీటీ కట్టాడు. పిస్టన్లను రోజుల తరబడి కిరసనాయిలులో నాననిచ్చాడు. బేరింగులకు వైట్‌మెటల్ కరిగించి పోయగల పనివాని కోసం ఊరూరా వెతికాడు. ప్రతి ఆదివారం ఒక వైద్యుడు, రైసుమిల్లు యజమాని, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి, టింకరింగ్ నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు అక్కడ చేరేవారు. వారి చర్చలు నాకు పండితసభలను తలపించేవి. ఒకనాడు డాష్‌బోర్డుపై ప్లస్ ఆకారపు గాడి గల స్క్రూ ఒకటి కనిపించింది. ఆ రకం స్క్రూలు 1936లో కాడిలాక్ కార్ల నిర్మాణంతో వాడుకలోకి వచ్చాయని, 1934 నాటి కారులో అవి ఉండరాదని వైద్యుడు తేల్చి చెప్పాడు. నాకు ఎంతో ఆనందం కలిగింది. కవి కాలంలో లేని మాట పద్యంలో కనిపిస్తే మేమూ అలాగే పట్టుకుంటాము. అలా తరువాతివారు చేర్చిన భాగాన్ని ప్రక్షిప్తం అంటాము.

పాత రంగు గీకుతుండగా ముందు మడ్‌గార్డుపై అరచేతి వెడల్పున ఒక ఇత్తడి అతుకు బయటపడింది. రేకు చిరిగిన చోట ఎవరో ఇత్తడి ముక్కను రివెట్లతో బిగించారు. దానిని తీసివేసి కొత్త రేకు వేయాలని కొందరు, ఉండనివ్వాలని కొందరు వాదించారు. చివరికి అందరూ నావైపు చూశారు. "ఇది ప్రక్షిప్తమే. తొలగించవలసిందే" అని నేను తీర్పు చెప్పాను.

మరుసటి ఆదివారం ఎనభై దాటిన ఒక వృద్ధుడు మనుమని చేయి పట్టుకొని షెడ్డుకు వచ్చారు. జమీందారుగారి డ్రైవరు కుమారుడాయన. కారు చుట్టూ తిరిగి, ఆ అతుకు దగ్గర ఆగి అరచేతితో తడిమారు. "ఇది మా అమ్మ నీళ్ల బిందె, బాబూ! యుద్ధం రోజుల్లో రేకు దొరక్క మా నాయన మా ఇంటి బిందె కోసి అతుకేశాడు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు" అన్నారు. షెడ్డులో ఎవరికీ నోట మాట రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పరిశోధన రోజులు గుర్తుకు వచ్చాయి. ఒక తాళపత్ర కావ్యాన్ని పరిష్కరిస్తూ, పురుగు తిన్న ఒక పద్యంలో రెండు పాదాలను నేనే రాసి పూరించాను. ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఎవరూ కనిపెట్టలేరని లోలోపల గర్వించాను. మా గురువుగారు కనిపెట్టారు. "పద్యం బాగుంది. కాని కవి నోట నీ మాట పెట్టావు. ఖాళీని ఖాళీగా చూపడం నీకెందుకు చిన్నతనమైంది?" అన్నారు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించాడు. నన్నయ రీతిని అనుసరించాడు. నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అయినా పూరించినది తానని దాచలేదు. నేను దాచాను. మరి ఆ డ్రైవరు? ఆయన అతుకు బ్యూక్ కర్మాగారపు పనినని చెప్పుకోలేదు. బండి ఆగిపోకూడదని ఇంటి బిందెను ఇచ్చింది, అంతే. దానిని ప్రక్షిప్తమన్న నా తీర్పే తప్పు.

ఆ మాటే సభలో ఒప్పుకున్నాను. పాత వాహనాల సంరక్షణకై అంతర్జాతీయ సమాఖ్య 2013లో వెలువరించిన టురిన్ ఒప్పందపత్రం కూడా, వాడుకలో ఉన్న కాలంలో వాహనం పొందిన మార్పులు దాని చరిత్రలో భాగమేనని చెబుతున్నదని వైద్యుడు వివరించాడు. అతుకు నిలిచింది. దానిపై రంగు వేయక, అందరికీ కనిపించేలా విడిచిపెట్టారు. కొత్తగా చేసిన ప్రతి కొయ్య ముక్క లోపలి వైపున నా మిత్రుడు చేసిన సంవత్సరం చెక్కించాడు. ఏది పాతదో ఏది కొత్తదో రేపు విప్పేవానికి తెలియాలన్నది అతని పట్టుదల.

2021లో, యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పిస్తూ కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చిన ఏడాదే, ఆ ఇంజను మళ్లీ పలికింది. ఆ వృద్ధుని పిలిపించి, నా మిత్రుడు వెనుక తలుపు తెరిచి జమీందారుగారి సీటు చూపాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. "చిన్నప్పుడు ఈ బండిని ఎన్నోసార్లు తుడిచాను. ఎక్కింది మాత్రం లేదు. ఎక్కితే మా నాయన కూర్చున్నచోటే కూర్చుంటాను" అన్నారు. స్టీరింగుపై రెండు చేతులు వేసి చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ఇంటికి వచ్చి నా సిద్ధాంతవ్యాసం ప్రతిని బయటికి తీశాను. గురువుగారు కొట్టివేసిన ఆ రెండు పాదాల స్థానంలో చుక్కలు మాత్రమే ఉన్నాయి. ఒకప్పుడు ఆ చుక్కలను చూస్తే సిగ్గుపడేవాడిని. ఇప్పుడు నా విద్యార్థులకు ముందుగా ఆ పుటనే చూపిస్తున్నాను.