తమ్ముడి పేరున్న అక్షరం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్లు అడిగారు. పెద్ద పెద్ద విషయాలు రాయడానికి మన పూర్వ విద్యార్థుల్లో లెక్చరర్లు, ఆఫీసర్లు చాలామంది ఉన్నారు. నేను మద్దిలపాలెంలో డీటీపీ పని చేసుకుని బతికేవాణ్ణి. కాబట్టి రోజూ నా చేతిలో ఆడే అక్షరాల గురించే నాలుగు మాటలు చెబుతాను.

తెలుగు అక్షరానికి గుండ్రదనం కొత్త కాదు. తాటాకు మీద గంటంతో నిలువు గీతలూ అడ్డగీతలూ లాగితే ఆకు చీలుతుందని, అందుకే గుండ్రంగా తిప్పడం అలవాటైందని పెద్దలు చెబుతారు. అయితే గుండ్రంగా ఉన్న అక్షరమల్లా నవ్వే అక్షరం కాదు. హాస్టల్లో మనం చూసిన అక్షరాలు గుర్తు చేసుకోండి. కంచం మీద చెక్కిన నంబరు, ట్రంకు పెట్టె మీద పెయింటుతో రాసిన పేరు, నోటీసు బోర్డు మీద సర్క్యులరు. అన్నీ "హాజరు కావలెను", "చెల్లించవలెను" అనేవే. మనల్ని చూసి నవ్విన అక్షరం పిల్లల పుస్తకాల అట్టల మీదో, గోడ మీది సర్కస్ పోస్టరులోనో తప్ప కనబడేది కాదు.

అందుకే గూగుల్ ఫాంట్స్‌లో మొదటిసారి 'బాలూ తమ్ముడు' చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. దీన్ని చేసింది ముంబైలోని ఏక్ టైప్ అనే సంస్థ. బొద్దుగా, అంచులు నున్నగా, ఎలుగుబంటి పిల్లలా ఉంటుంది. ఒక్కో లిపిలో దానికి ఒక్కో వరస పెట్టారు. గుజరాతీలో భాయి, బెంగాలీలో దా, తమిళంలో తంబి, మలయాళంలో చేట్టన్, మనకి తమ్ముడు. తెలుగు ఫాంట్లలో గిడుగు ఉన్నారు, గురజాడ ఉన్నారు, పెద్దన, తిమ్మన, శ్రీకృష్ణదేవరాయలు కూడా ఉన్నారు. అంతమంది కవుల మధ్య, రాజుల మధ్య ఒక తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. పైగా ఉచితం. ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు.

ఇంతకీ ఈ తమ్ముడు ఏ పనికొస్తాడు? పిలవడానికి. మూడో తరగతిలో ట్రంకు పెట్టెతో హాస్టల్‌కి వచ్చిన పిల్లవాడికి గుమ్మం దగ్గర "రండి" అని బొద్దు అక్షరాల్లో కనబడితే, కూడబలుక్కుని చదువుకుంటాడు. చదవగలిగినందుకు వాడికీ ధైర్యం వస్తుంది. ఆటల పోటీల పోస్టరు, లైబ్రరీ తలుపు మీది పేరు, ఆదివారం మెనూ కూడా ఈ అక్షరంలో బాగుంటాయి. మన ఇళ్లల్లో చాలామందికి చదువు మనతోనే మొదలు. అక్షరం కసురుకోకుండా దగ్గరికి పిలవడం మనకి చిన్న సంగతి కాదు.

కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. ద కింద చిన్న గీత పెడితే ధ, డ కింద పెడితే ఢ, ప కింద పెడితే ఫ. అక్షరం లావెక్కి సైజు తగ్గితే ఆ గీత మూసుకుపోతుంది. 'రాష్ట్రం' అనే మాటలో ఒత్తు పక్కన ఒత్తు ఉంటుంది. లావు అక్షరాల్లో అది కింది వరసకి తగలకుండా జాగా ఎక్కువ వదలాలి. కొన్నేళ్ల కిందట ఒకచోట స్కాలర్‌షిప్ నోటీసుని ఇలాంటి లావు అక్షరాల్లోనే కొట్టించి, జిరాక్సు మీద జిరాక్సు తీసి అంటించారు. ఇంకు ముద్దయిపోయి ఆఖరి తేదీ 3 కాస్తా 8 లాగా కనబడింది. మా ఊరి కుర్రాడు 7వ తేదీన కాగితాలన్నీ పట్టుకుని వెళితే గడువు అయిపోయిందన్నారు. ఆ ఏడాది వాడి ఫీజు కోసం వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. అక్షరం అందం సంగతి ఎలా ఉన్నా, ఆ కమ్మలు మాత్రం నేను మరిచిపోలేను.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఒకటే చెబుతాను. పిలుపు తమ్ముడి చేత రాయించండి. పేర్లు, తేదీలు, డబ్బు లెక్కలు మాత్రం సన్నగా, విడివిడిగా ఉండే అక్షరంలో పెట్టండి. 'బాలూ తమ్ముడు 2'లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా 5 రకాల మందాలు ఇచ్చారు. పెద్ద శీర్షికకి లావుది, దాని కింద రెండు మూడు వాక్యాలకి రెగ్యులర్ సరిపోతాయి. పేజీలకి పేజీలు మాత్రం వద్దు.

ఇంకో సంగతి. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కానేర్ బొమ్మల మాటల బుడగల కోసం 'కామిక్ శాన్స్' అనే ఇంగ్లీషు అక్షరం గీశాడు. 2012 జూలై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్ ఫలితాలు చెబుతూ ఫాబియోలా జియానొట్టి గారు తన స్లైడ్లు అందులోనే చూపించారు. ఇంత పెద్ద సంగతికి ఈ పిల్లల అక్షరమా అని చాలామంది నవ్వారు. ఫలితం మాత్రం నిలబడింది. 2016లో ఆమె సెర్న్ డైరెక్టర్ జనరల్ అయ్యారు.

తమ్ముళ్లూ, మీ యాస విని, మీ చొక్కా చూసి నవ్వేవాళ్లు కూడా ఎదురవుతారు. నవ్వనివ్వండి. మీ పని గట్టిగా ఉంటే అదే నిలబడుతుంది. రేపు మీలో ఎవరైనా ఆఫీసు కుర్చీలో కూర్చుని నోటీసు మీద సంతకం పెట్టాల్సి వస్తే మాత్రం, ఆ కాగితాన్ని ఒక్కసారి గోడకి అంటించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చదవండి. తేదీ స్పష్టంగా కనబడితేనే సంతకం పెట్టండి.

శుభాకాంక్షలతో,
ఒక పూర్వ విద్యార్థి, మద్దిలపాలెం