నిద్ర లేవని కంప్యూటర్

మీ ఇంట్లోనూ పాత డెస్క్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది, పారేయడానికి మనసొప్పనిది. మా దాంట్లో ముత్తాత డర్బన్‌లో దిగినప్పటి ఓడ జాబితా కాపీ ఉంది, అవ్వ పాటలున్నాయి. అది నిద్రలోకి బాగానే వెళ్లేది. లేపితే మాత్రం ఫ్యాన్ తిరిగేది, తెర నల్లగానే ఉండిపోయేది.

ర్యామ్ పాడైందనుకుని మార్చాను. డబ్బు దండగ. తప్పు బయాస్‌లో ఉంది. నిద్రలో ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. లేచేటప్పుడు వాటిని మళ్లీ సిద్ధం చేసి విండోస్‌కు అప్పగించేది బయాసే. అక్కడ తేడా వస్తే విండోస్‌ను ఎన్నిసార్లు మళ్లీ వేసినా అంతే.

మీరూ బయాస్ అప్‌డేట్ చేసేటట్టయితే ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. నేను ఆ పని ఏళ్లతరబడి వాయిదా వేశాను, సిగ్గుగానే చెబుతున్నాను. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బోర్డు మోడల్, బయాస్ వెర్షన్ కనిపిస్తాయి. సరిగ్గా ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన ఫైలే వాడాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే చచ్చిపోవచ్చు. మనకు లోడ్ షెడ్డింగ్ సంగతి కొత్తగా చెప్పాలా? షెడ్యూలు చూసుకుని, యూపీఎస్ కూడా తగిలించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆ రాత్రి ఓడ జాబితా తెరిచి ఉంచి, కంప్యూటర్‌ను నిద్రపుచ్చాను. పొద్దున మీట నొక్కితే తెర వెలిగింది. ముత్తాత నంబరు అక్కడే ఉంది.