తుప్పుపట్టిందే కొనండి



పాత పనిముట్ల గురించి మీరు రాస్తున్న ఉత్తరాల్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. సంతలో తళతళలాడే కటింగ్ ప్లేయర్ ఒకటి, తుప్పుపట్టి నోరు తెరవనిది ఒకటి పక్కపక్కనే ఉంటే ఏది కొనాలి? నన్నడిగితే తుప్పుపట్టిందే కొనండి.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పట్టా మీద కుప్పపోసిన పానాలు, సుత్తులు, ఆకురాళ్ల మధ్య మరీ మెరిసిపోయేది కనిపిస్తే దానికి గ్రైండర్ పట్టారేమోనని అనుమానించండి. గ్రైండర్ చక్రం తుప్పు దగ్గర ఆగదు. కీలు పక్కన గుద్దిన కంపెనీ పేరు, ఊరి పేరు కూడా గీక్కుపోతాయి. అంతకంటే పెద్ద నష్టం రాపిడి వేడితో వస్తుంది. కోసే అంచు నీలంగా కమిలిందంటే ఉక్కు గట్టిదనం దిగిపోయిందనే లెక్క. అలాంటి దానితో తీగె కోయబోతే అంచుకే గాటు పడుతుంది. తుప్పుపట్టినదానికి ఈ బెడద లేదు. పైన ఎంత అసహ్యంగా ఉన్నా, లోపలి ఉక్కు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది.

అక్షరాలు ఎందుకంటారా? వయసు తెలిసేది వాటివల్లే. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే అది 1949కీ 1990కీ మధ్య తయారైంది. బాణం ములికి లాంటి గుర్తుంటే ఒకప్పుడు బ్రిటిష్ సర్కారు సొత్తు, బహుశా సైన్యానిది. ఇక ‘బెర్నార్డ్’ అని కనిపిస్తే బేరమాడకుండా తీసుకోండి. సరే, కొంచెం ఆడండి. విలియం బెర్నార్డ్ 1890లో పేటెంటు పొందిన ఈ ప్లేయర్లను అమెరికాలోని న్యూహేవెన్‌లో షోల్‌హార్న్ కంపెనీ తయారుచేసేది. మామూలు ప్లేయర్ దవడలు కోణంలో మూసుకుంటాయి కాబట్టి నట్టు అంచులు అరిగిపోతాయి. బెర్నార్డ్ దవడలు మాత్రం ఒకదానికొకటి సమాంతరంగా వచ్చి పట్టుకుంటాయి. మధ్యలో ఖాళీ ఉంటుంది, పొడుగాటి తీగెను అందులోంచి పిడుల మధ్యకు దూర్చవచ్చు. వీటి మీద సాధారణంగా నికెల్ పూత ఉంటుంది. ఇనుప బ్రష్షు దాని జోలికి పోకూడదు.

మామూలు ప్లేయర్ అంటే రెండు సగాలు, ఒక రివిట్టే. అమెరికాలో క్లైన్ కంపెనీ వాళ్లు తమ పుట్టుక గురించి చెప్పుకునే కథ కూడా ఇదే. 1857లో షికాగోలో ఒక టెలిగ్రాఫ్ లైన్‌మన్ విరిగిన ప్లేయర్ పట్టుకుని మథియాస్ క్లైన్ అనే కమ్మరి దగ్గరికి వచ్చాడట. క్లైన్ విరిగిన సగాన్ని కొత్తగా కొట్టి, పాత సగానికి రివిట్టు వేసి ఇచ్చాడు. కొన్నాళ్లకు ఆ పాత సగమూ విరిగింది. దాన్నీ కొత్తగా చేసిచ్చాడు. అలా అతని మొదటి ప్లేయర్ తయారైంది!

కాబట్టి మన పని కీలుతో మొదలవ్వాలి. బిగుసుకుపోయిందని సుత్తితో బాదకండి, పిడులు వంకరపోతాయి. కిరసనాయిలు ఇప్పుడు దొరకడమే గగనం, డీజిలైనా చాలు. రాత్రంతా నానబెట్టి, పొద్దున పిడులను వెంట్రుకవాసి కదిపి చూడండి. కదిలిన ప్రతిసారీ రివిట్టు చుట్టూ ఎర్రటి మడ్డి ఊరుతుంది. గుడ్డతో తుడిచి, మళ్లీ చుక్క వేసి, మళ్లీ కదపండి. మడ్డి రావడం ఆగి, నూనె నూనెలాగే కనిపించేదాకా ఇదే పని. విసుగే, కాని దగ్గరిదారి లేదు.

తుప్పు మరీ మందంగా ఉంటే ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు పోసి కాస్త వాషింగ్ సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్ క్లిప్పు పనిముట్టుకు, పాజిటివ్ క్లిప్పు పాత ఇనుప చువ్వకు. రెండూ తగలకూడదు. క్లిప్పులు తారుమారైతే మీ ప్లేయరే కరిగిపోతుంది. చువ్వకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది, వద్దు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి గనుక ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ వెలిగించకూడదు. కరెంటు ఆపాకే చెయ్యి పెట్టండి. తీశాక కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవండి. ఆలస్యమైతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది.

మిగిలిన నల్లటి మచ్చలను వదిలేయండి. వాటివల్ల పనికి వచ్చే లోటేమీ లేదు. ఇంకోమాట, పిడుల మీది పాత ప్లాస్టిక్ తొడుగును నమ్ముకుని కరెంటు తీగె పట్టుకోవద్దు. ఆ పనికి కొత్తది కొనుక్కోవాల్సిందే.

మీ నాన్నగారిదో తాతగారిదో పనిముట్ల పెట్టె అటక మీద ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒక్కొక్కటి తుడిచి చూడండి. వాటిమీద ఏం రాసి ఉందో, ఎవరు ఏ పనికి వాడేవారో నాకు రాయండి. అర్థంకాని గుర్తులుంటే ఫోటో జతచేయండి. వచ్చే ఉత్తరంలో వాటి సంగతే చూద్దాం.

ఉంటాను.