వాంతిభేదియు వంటింటి నిందయు

ఇంటిలో నొకరికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నంతనే మొదటి ప్రశ్న వంటచేసిన యామెకే వచ్చును. “ఏమి పెట్టితివమ్మా? నిన్నటి కూర కాదుగదా?” అని అత్తగారడుగును, కోడలు తల వంచుకొనును. ఒకే వీధిలో పది యిండ్ల కోడండ్రు ఒకేదినమున నిట్లు తల వంచుకొనిరనిన, తప్పు పది వంటలలో నున్నదా, పది యిండ్లకును పోవు ఒక్క నీటిలో నున్నదా? సోదరీమణులారా, ఈ ప్రశ్నయే రోగకారణ పరిశోధనకు మొదలు.

ఇది మనకు క్రొత్త విచారము కాదు. చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసనీయమను నధ్యాయము కలదు. ఆహారము, దేహము, వయస్సు వేర్వేరుగా గల జనులు ఒకేసారి ఒకే వ్యాధిచే నేల నశింతురని అందలి ప్రశ్న. గాలి, నీరు, దేశము, కాలము అందరికిని సామాన్యములు గనుక, అవి చెడినపుడు జనపదమే చెడునని సమాధానము.

నీరే చెడినదని యెట్లు తేల్తురు? 1854లో లండనునందలి బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా చెలరేగగా, డాక్టరు జాన్ స్నో మృతుల యిండ్లను లెక్కించి, అవి యొక చేతిపంపు చుట్టును చేరియున్నట్లు కనుగొనెను. దూరమున హాంప్‌స్టెడ్‌లో నొక వితంతువును మరణించెను. ఆమెకా పంపునీటి రుచియందు మక్కువ మెండు, తెప్పించుకొని త్రాగెడిది. రుచిగానున్న నీరెల్ల మంచినీరు కాదు! సెప్టెంబరు 8న పంపుపిడి తీసివేసిరి. కాని నీరు చెడిన విధము తెలియుటకు ఒక తల్లి మాటయే ఆధారమైనది. వైట్‌హెడ్ అను మతగురువు అడుగగా, విరేచనములైన తన పసిబిడ్డ గుడ్డలుతికిన నీటిని ఇంటి ముందరి మురుగుగుంటలో పోసితినని యామె చెప్పెను. త్రవ్వి చూడగా ఆ గుంటకును పంపుబావికిని నడుమ మూడడుగులైన లేదు.

మన సీమలోను ఇట్టివి జరిగినవి. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరున కలరా ప్రబలెను. 2018 మార్చిలో మాకు సమీపమున నున్న గుంటూరు పాతబస్తీలో మురుగు కుళాయినీటిలో కలసి, పదిమందికి తక్కువ కాకుండ ప్రాణములు పోయినవి. నీరు వదలని వేళ గొట్టము ఖాళీయగును. అపుడు చుట్టునున్న మురుగు పగులుగుండ లోనికి చేరును. మరల నీరు వదలగానే అది మొదటి బిందెతో మన యింటికి వచ్చును.

ఏ బిందె ఎక్కడిదో, ఎవరే నీరు త్రాగిరో ఇంటి యిల్లాలికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. మా ప్రత్తిపాడు ప్రాంతమున మిరపకోతకు, ప్రత్తితీతకు పోవు స్త్రీలు పగలెల్ల చేలవద్ద నీరు త్రాగుదురు. చేనికి పోయిన తల్లి బాగుండి, ఇంటనున్న బిడ్డ పడినచో, అది గొప్ప సాక్ష్యము. మా వారు బడిపంతులు; ఒకే వీధి పిల్లలు నలుగురు ఒక్కసారి రాకున్న, కారణ మడిగి వచ్చెదరు.

కావున ఇంట జబ్బుచేసిన యెడల సిగ్గుపడి దాచక, ఏ దినము, ఏ జాము, ఏ నీరు అని వ్రాసియుంచి ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పవలెను. నీటిలో మందు కలుపకమునుపే కొంత నీటిని పరీక్షకు తీయుమని యడుగవలెను. 2019లో ఆరంభమైన జలజీవన పథకము క్రింద ఊరికైదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనను ఏర్పాటు కలదు. మన ఊర నెవరు నేర్చిరో విచారింతము. ఈలోపల నీటిని తెర్లకాచి చల్లార్చి త్రాగవలెను. రోగికి లీటరు కాచిన నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి పట్టింపవలెను. కండ్లు లోతునకు పోయినను, మూత్రము ఆగినను, ఇంటివైద్యము చాలించి ఆసుపత్రికి తీసికొని పోవలెను.

అత్తగారలకు మా మనవి ఒక్కటి: కోడలి వంటను విచారించుటకు ముందు పొరుగింటిని విచారింపుడు. అక్కడను జబ్బు కలదేని, నింద మాని నీటిని పరీక్షింపజేయుడు. ఆలస్యమైన ఒక్కొక్క పూట మరియొక యింటి బిడ్డకు ప్రాణముమీదికి వచ్చును.