ట్యూనింగ్ చేసిన ఎయిర్ గన్ కొనాలా వద్దా: నా లెక్క నేను చెప్తా



పోయిన యాసంగిలో మక్క చేను దగ్గర మంచె మీద పడుకుని పడుకుని నడుం పోయింది. పగలు కోతులు, రాత్రి అడవి పందులు. మీకు కొత్తగా చెప్పేదేముంది, పాల్వంచ నుంచి చర్ల దాకా అడవి అంచున చేను ఉన్న ప్రతి ఒక్కరిదీ ఇదే కథ. అప్పుడే మా బావ ఒక ఎయిర్ గన్ చేతిలో పెట్టి, "నాలుగు రోజులు వాడి చూడు, నచ్చితే నీకూ ఇలాంటిదే చేయిస్తా" అన్నాడు. మామూలుది కాదు, ట్యూనింగ్ చేసింది.

ఖర్చు అడిగితే ఇదీ లెక్క. గన్ 15 వేలు, ట్యూనింగ్ 5 వేలు, పైన దుర్భిణి 3 వేలు, గుళ్లు 500. మొత్తం 23,500. ఎకరం మక్కకి పెట్టే పెట్టుబడి దగ్గర దగ్గర అంతే.

ముందు ట్యూనింగ్ అంటే ఏందో చెప్తా. గొట్టం విరిచి మడిచినప్పుడు లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి గుండుని తోస్తుంది. గుండు గొట్టం దాటక ముందే లోపల స్ప్రింగు అదిరిపోతుంది, అందుకే గురి తప్పుతుంది. ట్యూనింగ్ చేసేవాళ్లు స్ప్రింగు చివరలు నున్నగా అరగదీస్తారు, దాని లోపలి గైడు బిగువుగా కూర్చోబెడతారు, పిస్టన్ వాషర్ మారుస్తారు, చిక్కటి గ్రీజు పెడతారు. అదురు తగ్గుతుంది, "టంగ్" మనే మోత పోతుంది, గుండు పడ్డ చోటే మళ్లీ పడుతుంది. అంతేగాని వేగం పెద్దగా పెరగదు. ఉన్నమాట చెప్పాలంటే బావ గన్ బాగుంది. ముప్పై అడుగుల దూరంలో అగ్గిపెట్టె పెట్టి కొడితే పదిలో ఎనిమిది తగిలినయ్.

"ఇంకా గట్టి స్ప్రింగు వేయిస్తే?" అని నేనూ అడిగా. అక్కడే ఉంది మెలిక. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కే లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము గుండు సెకనుకి 280 మీటర్లు దాటి పోయిందంటే 20 జౌల్స్ దగ్గరికి వచ్చినట్టే. గట్టి స్ప్రింగు వేసి గీత దాటిస్తే అది లైసెన్సు లేని ఆయుధం కింద లెక్క. మన ఏరియాలో రాత్రి పూట చేతిలో తుపాకీ ఆకారం కనపడితే ఎవడు ఏమనుకుంటాడో మీకు తెలుసు. కిన్నెరసాని లాంటి అభయారణ్యంలోకైతే అనుమతి లేకుండా ఆయుధంతో అడుగే పెట్టొద్దు.

ఇక పందుల సంగతి. అర గ్రాము గుండు ఎనభై కిలోల పందికి చీమ కుట్టినంత. చావదు, గాయం చీము పట్టి తిరుగుతుంది. గాయపడ్డ పంది ఎదురు తిరిగితే చేలో కూలికి వచ్చిన ఆడోళ్ల గతేంటి? పైగా 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టంలో అడవి పంది, రామచిలుక షెడ్యూల్ 2 లో ఉన్నయ్, నెమలి షెడ్యూల్ 1 లో. చంపితేనే వేట కాదు, గాయపరిచినా, ప్రయత్నించినా వేటే. కోతిని కొట్టినా 1960 నాటి జంతు హింస చట్టం ఉంది. ఇక భద్రాద్రి రాముడి నీడన ఉండి కోతి మీద గుండు వదలడానికి ఎన్ని చేతులు వస్తయ్?

కొట్టకుండా రేకు డబ్బా మీద పేల్చి బెదిరిద్దాం అనుకున్నా. మొదటి రోజు కోతులు పారిపోయినయ్. మూడో రోజుకి గట్టు మీద కూర్చుని నన్నే చూస్తున్నయ్. ట్యూనింగ్ చేసిన గన్‌కి మోతే లేదు కదా! బెదిరించడానికి మోత కావాలి, నేనేమో మోత తగ్గించడానికి 5 వేలు పెట్టబోతున్నా.

నాలుగో రోజు తెల్లవారుజామున అసలు సంగతి జరిగింది. చేను మధ్యలో మొక్కలు కదులుతున్నయ్, పెళపెళ కంకులు విరుస్తున్న చప్పుడు. పందే అనుకున్నా. చట్టం, పాపం ఏమీ గుర్తు రాలా. గన్ భుజానికి ఎత్తి వేలు మీట మీద పెట్టా. "మామా, నేనే" అన్నాడు లోపల నుంచి. మా చెల్లి కొడుకు, ఎనిమిదేళ్లోడు. కాల్చుకు తినడానికి కంకులు కోస్తున్నాడు. పందికి చీమ కుట్టినంత అన్న ఆ గుండే పిల్లోడి కంట్లో పడితే? ఆ రోజు పొద్దెక్కేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నయ్. అదే రోజు గన్ బావకి ఇచ్చేశా. ఇంట్లో ఎవరికీ చెప్పలా, మీకే చెప్తున్నా.

తర్వాత కూర్చుని లెక్క వేశా. రెండెకరాల్లో 50 క్వింటాళ్లు రావాల్సింది 43 వచ్చింది. పోయిన ఏడులో అయిదు పందులవి, రెండు కోతులవి. 2025-26 లో మద్దతు ధర 2,400 ఉన్నా మనకి కల్లంలో వచ్చేది తెలుసు కదా, రెండు వేలే అనుకుందాం. పందుల నష్టం 10 వేలు, కోతులది 4 వేలు. గన్ పందికి పనికిరాదు. కోతుల్ని పూర్తిగా ఆపినా దాని ఖర్చు తిరిగి రావడానికి ఆరేళ్లు. అదీ ఆపితే.

అందుకే పక్క చేల ముగ్గురితో కలిసి సోలార్ కంచె వేయించాం. 64 వేలు, మనిషికి 16 వేలు. ఝట్కా కొట్టి వదిలేస్తుంది, ప్రాణం తీయదు. దయచేసి కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ మాత్రం లాగొద్దు అన్నలారా, దానికి మనుషులు కూడా బలవుతున్నారు. కంచె వేశాక పంది లోపలికి రాలా. కోతులు మాత్రం చెట్ల మీద నుంచి దూకి వస్తూనే ఉన్నయ్. వాటికి వంతుల కాపలా, రెండు కుక్కలు, మా నాయన వడిసెల. మట్టిగడ్డ పెట్టి పక్కకి విసిరినా ఆ చప్పుడుకే లేస్తయ్.

గురి సరదా ఉంటే ట్యూనింగ్ చేసిన గన్ మంచి వస్తువే, డబ్బులుంటే కొనుక్కోండి, ఇంటి వెనక గోడకి అట్ట పెట్టి కొట్టుకోండి. పంట కోసమైతే మాత్రం నా మాట వినండి, ఆ 23 వేలు కంచెలో పెట్టండి. చేలో కదిలేదంతా పంది కాదు.