ఏడు సరస్సుల ఫ్లోరెస్

లిస్బన్ నుంచి పడమరగా అట్లాంటిక్ మీద దాదాపు 1,900 కిలోమీటర్లు వెళ్తే ఫ్లోరెస్ వస్తుంది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో పడమటి కొసన ఉన్నవి రెండే: ఇదీ, దీనికి ఉత్తరాన చిన్నారి కోర్వో. ఫ్లోరెస్ విస్తీర్ణం 143 చదరపు కిలోమీటర్లు. జనం నాలుగు వేలకు లోపే. ఊళ్లన్నీ తీరాన్ని పట్టుకునే ఉన్నాయి. నడిమి పీఠభూమి మాత్రం మబ్బుకూ నాచుకూ ఏడు సరస్సులకూ వదిలేశారు.

ఆ సరస్సుల పేర్లు నాకెంతో ఇష్టం. నెగ్రా నల్లది, బ్రాంకా తెల్లది, కొంప్రిదా పొడుగుది, ఫుందా లోతుది, రాసా లోతు లేనిది, సెకా ఎండినది, లోంబా గుట్టది. మన పల్లెల్లో ఆవులను పిలుచుకున్నట్టే ఉంది.

అగ్నిపర్వతం అనగానే పొగ కక్కే శిఖరం గుర్తొస్తుంది. ఇక్కడ అది గుంట రూపంలో మిగిలింది. కింది నుంచి ఎగదన్నుకొచ్చిన శిలాద్రవం నేలలోని నీటికి తగిలింది. ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై పైనున్న రాతిని పేల్చేసింది. తర్వాత ఆ గోతుల్లో వాన నిలిచింది. ఫుందా, కొంప్రిదాల దగ్గర అలాంటి పేలుళ్లు జరిగి సుమారు మూడు వేల ఏళ్లయింది.

నెగ్రా, కొంప్రిదా పక్కపక్కనే ఉంటాయి. నడుమ గట్టు మీద నిలబడితే రెండూ కనిపిస్తాయి, మబ్బు దయతలిస్తే. నిటారు గోడల నడుమ గుండ్రంగా ఉన్న నెగ్రా లోతు వంద మీటర్లు దాటుతుంది.

అజోర్స్‌లో వాన ఎక్కువ పడే దీవి ఇదే. పీఠభూమి మీది స్ఫాగ్నమ్ నాచు ఆ వాననూ, ఒరుసుకుపోయే మబ్బు తడినీ పీల్చుకుని మెల్లమెల్లగా వదులుతుంది. పడమటి తీరాన ఫజాన్ గ్రాండె వైపు కొండగోడల మీంచి వరుసగా దూకే జలపాతాలకు నీరు ఈ పైనేల నుంచే అందుతుంది. అందుకే దాన్ని బీడు అనడం తప్పంటాను. మనుషులు దీవికి వచ్చాక అడవి నరికి పచ్చిక బయళ్లు చేశారు. ఎరువూ పేడా కలిసిన వాననీరు ఫుందాలోకి దిగి అక్కడ పాచి పెరిగింది. అంతకంటే ఎత్తున, పక్కనే ఉన్న రాసా మాత్రం ఇంకా తేటగానే ఉంది.

2009లో యునెస్కో ఫ్లోరెస్‌ను జీవావరణ రిజర్వుగా గుర్తించింది. ఎప్పుడైనా అక్కడికి వెళ్తే బాట వదలకండి. ఆ నాచు మీద కాలు పెట్టకండి.