మూడుసార్లు పొంగిన పాలు

ఇంట్లో పాలు పొంగితే శుభమంటారు. మా పక్కింట్లో రెండేళ్లలో మూడుసార్లు పొంగాయి. మొదటి రెండుసార్లూ, ఆ తర్వాత అక్కడ పొయ్యి వెలిగితే ఒట్టు!

మాది చిత్తూరు మిట్టూరు. ఆ పక్కింటాయన డైరీలో పనిచేసేవాడు. 2002లో డైరీ మూతపడ్డాక, ముందు వసారాలో చిల్లర అంగడి పెట్టుకుని, వెనక రెండు గదులు బాడుగకిచ్చి కాలం వెళ్లదీశాడు. తర్వాత సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. మా ఊళ్లో చదువుకున్న పిల్లలందరిలాగే ఆయన పిల్లలూ బెంగళూరు బస్సెక్కారు. ఆయన పోయాక ఇల్లు అమ్మకానికొచ్చింది.

సరిగ్గా ఆ ఏడే, 2023 జూలైలో, అమూల్ వాళ్లు డైరీని మళ్లీ నడుపుతారంటూ శంకుస్థాపన జరిగింది. చెంబెడు పాలు రాకముందే మా వీధిలో అంకణం ధర పొంగింది. (అంకణమంటే మా వైపు 36 చదరపుటడుగులు, నెల్లూరు వాళ్లకి 72. వాళ్లతో వియ్యమందితే స్థలాల మాట మాత్రం ఎత్తకండి.)

మా తమ్ముడొచ్చాడు. "అక్కా, ముప్పై లక్షలకి అగ్రిమెంటు రాయించుకుందాం. పుట్టీ పెట్టి, రంగులేసి, కొత్త గేటు బిగించి, ఆర్నెల్లలో అమ్మేద్దాం" అన్నాడు. డెట్రాయిట్ దగ్గరుండే మా అమ్మాయి ఫోన్లో నవ్వింది. దీన్ని అక్కడ 'ఫ్లిప్పింగ్' అంటారట, అట్టు తిరగేసినట్టు. కార్ల ఫ్యాక్టరీలు తగ్గిపోయి, 2013లో ఊరికి ఊరే దివాలా తీసిన చోట, పాత ఇళ్లు చౌకగా కొని తిరగేసేవాళ్లు బయల్దేరారట. కొన్ని ఇళ్లు నిజంగానే బాగుపడ్డాయట. కొన్నిటికి రంగు మాత్రం పడిందట.

మనం ఏ రకమని నేను తమ్ముణ్ణి అడగలేదు. నా నాలుగు గాజులూ బ్యాంకులో కుదువపెట్టి డబ్బిచ్చాను. మావారు పేపరు చాటునుంచి, "తూర్పు గోడ సంగతి చూసుకున్నారా?" అన్నారు. చూసుకోకేం! కార్తీకం వానలకి ఆ గోడ చెమర్చడం ఇరవై ఏళ్లుగా నా వంటింటి కిటికీలోంచి చూస్తున్నదే.

వెనక గదుల్లో ఇడ్లీలు పోసి అమ్ముకునే ఆవిడ ఉండేది, 3,500 బాడుగ. "ఖాళీగా ఉంటేనే ధర పలుకుతుందక్కా" అన్నాడు తమ్ముడు. రెండు నెలల్లో ఆవిడ మురకంబట్టుకి మారిపోయింది. మొన్న బజార్లో కనబడితే, ఇప్పుడు 7,000 కడతా ఉండానని చెప్పింది. "ఆడోళ్లకి బస్సయితే ఊరికే ఇచ్చినారు గదమ్మా, బాడుగే ఊరికే రాదు" అని నవ్వింది. 2025 ఆగస్టు నుంచి బస్సు సంగతి నిజమే. నాకు నవ్వు రాలేదు. మా వీధిలో ఇప్పుడు కొత్త రంగులతో, తాళాలతో అయిదు ఇళ్లున్నాయి.

శాస్త్రానికి పాలు పొంగించి, అగ్రిమెంటు మీదే ముప్పయ్యెనిమిది లక్షలకి ఒక బెంగళూరాయనకి తిప్పేశాం. ఆయన రిజిస్ట్రేషన్ చేసుకుని, పాలు పొంగించి, తాళమేసుకుని పోయాడు. పది నెలలకి నీలం రంగు వేయించి నలభైయారుకి అమ్మేశాడు. స్టాంపులూ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషనూ కలిపి నూటికి ఏడున్నర. ఇల్లు చేతులు మారినప్పుడల్లా అదీ, బ్రోకరు కమీషనూ, ఎవరో ఒకరి లాభమూ వచ్చి ధరలో కలుస్తాయి. గోడలో ఒక్క ఇటిక కలవదు.

మూడోసారి కొన్నది టీచరు దంపతులు. బ్యాంకు లోను. కాపరం ఉండటానికే కొన్నారు పాపం. కొనేముందు ఆ అమ్మాయి మా గేటు దగ్గరికొచ్చి, "ఆంటీ, వానకేమైనా కారుతుందా?" అనడిగింది. అప్పటికే మా లాభం మాకు ముట్టింది, గాజులు విడిపించుకున్నాను. నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు. అయినా, "పక్కింటి సంగతి మాకేం తెలుస్తుందమ్మా" అన్నాను. ఆ ఇంట్లో ఏ పూట ఏం కూరో వాసన చూసి చెప్పేదాన్ని!

కార్తీకం వచ్చింది. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు ఆ అమ్మాయి బూజు పట్టిన పాప పుస్తకాలు ఎండబెట్టుకోడానికి మా మిద్దె మీదికొచ్చింది. 'మీకు ముందే తెలుసా ఆంటీ' అని అడగలేదు. అడిగుంటే బాగుండేది.

మేస్త్రీని నేనే పిలిపించాను. అతను గోడ గీకుతుంటే నీలం రంగు రాలింది. దాని కింద మా తమ్ముడు వేయించిన లేత పసుపు, దాని కింద డైరీ ఆయన కొట్టించిన సున్నం. పైన పిట్టగోడ మొదట్లో పగులుందట. అప్పుడే పూడ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదమ్మా అన్నాడు. ఇప్పుడు లక్షా ఇరవై వేలవుతుందట.

సగం నేనిస్తానన్నాను. ఎందుకిస్తున్నానో ఆ అమ్మాయికి చెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆమె ఏమీ అనలేదు, పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. గాజులు మళ్లీ బ్యాంకులో ఉన్నాయి.